సెల్‌ఫోన్ ప్రకటనలు: మనకు తెలియవలసిన మాటలు



2012లో నేను 5వ తరగతి చదువుతూ సంక్రాంతి సెలవులకు కలమల్లలోని మా ఇంటికి వెళ్లాను. మా నాయన నాపరాళ్ల గనిలో కూలి. ఆయన దగ్గర ఒక బటన్ల ఫోన్ ఉండేది. ముందురోజే అందులో డబ్బు వేయించుకున్నాడు. తెల్లారేసరికి 30 రూపాయలు తక్కువున్నాయి. ఇంగ్లీషులో ఒక మెసేజి వచ్చి ఉంది. ఫోన్ నా చేతికిచ్చి, "అబ్బీ, సదువుకుంటాండావు గదా, ఏం రాసుండాదో సెప్పు" అన్నాడు. అక్షరాలు కూడబలుక్కుని చదివాను గానీ 'సబ్‌స్క్రిప్షన్' అన్న మాట దగ్గర ఆగిపోయాను. అర్థం తెలియదని చెప్పడానికి సిగ్గేసి, "ఏదో కంపెనీ వాళ్లది నాయనా" అని తప్పించుకున్నాను.

ఎవరికో ఫోన్ చేసినప్పుడు అటువైపు పాట వినిపించిందట. నక్షత్రం గుర్తు నొక్కమంటే నొక్కాడట. అంతే. సబ్‌స్క్రిప్షన్ అంటే నెలనెలా చందా. ఆ ఒక్క మాట నాకు తెలియనందుకు మూడు నెలలు మా ఇంట్లో 30 రూపాయల చొప్పున పోయాయి. మా వంశంలో మొదట డిగ్రీ పాసైనవాడిని నేనే. ఇప్పుడు ఎం.కాం. చదువుతున్నాను. మీ ఇళ్లలో కూడా చాలామంది ఫోన్ మీ చేతికే ఇచ్చి చదవమంటారు. ఆ రోజు నాలాగా మీరు ఆగిపోకూడదని ఈ పాఠం రాస్తున్నాను.

1. రాయి, డప్పు, గోడ, ఫోన్

ప్రకటన అంటే నలుగురికీ తెలియజేయడం. మా ఊరి గుడి ఆవరణలో దొరికిన శాసనం క్రీ.శ. 575 ప్రాంతానిది. రేనాటి చోళరాజు ఎరికల్ ముత్తురాజు ధనంజయుని కాలంలో వేసిన ఆ శాసనాన్ని మనకు దొరికిన తొలి తెలుగు శాసనంగా పండితులు చెబుతారు. అది రాతి మీద చేసిన ప్రకటన. అది కదలదు. ఎవరు వచ్చి చూసినా అదే కనిపిస్తుంది.

మా జేజినాయన ఊరిలో దండోరా వేసేవాడు. పన్ను కట్టమన్నా, ఎవరి ఎద్దు తప్పిపోయినా, డప్పు తగిలించుకుని వీధి వీధికీ తిరిగి చాటాలి. చాటించినవారి మాట ఊరంతా చేరేది. చాటినవానికి నాలుగు గింజలు దక్కేవి. ఆ తర్వాత ఎర్రగుంట్ల దారిలో గోడల మీద సిమెంటు కంపెనీల రాతలు వచ్చాయి, ఆటోలకు మైకులు వచ్చాయి.

ఫోన్ ప్రకటన వీటన్నిటికంటే వేరు. మా జేజినాయనకు ఏ ఇంట్లో ఎవరు విన్నారో తెలిసేది కాదు. ఫోన్‌కు మాత్రం ఎవరు చూశారో, ఎంతసేపు చూశారో, ఎక్కడ వేలు పెట్టారో తెలుస్తుంది. పక్కపక్కన కూర్చున్న ఇద్దరికి రెండు వేరు వేరు ప్రకటనలు కనిపిస్తాయి. ఈ తేడా అర్థమైతే ఈ పాఠంలో సగం అర్థమైనట్లే.

2. ఫోన్‌కు సంబంధించిన మాటలు

మన దేశంలో మొదటి సెల్‌ఫోన్ సంభాషణ 1995 జూలై 31న జరిగింది. కలకత్తా నుండి అప్పటి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు, ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖ్‌రాంతో మాట్లాడారు. అప్పటి నుండి వచ్చిన మాటలలో ముఖ్యమైనవి ఇవి.

సిమ్: మన నంబరుకు గుర్తింపునిచ్చే చిన్న చిప్పు. ఫోన్ మారినా సిమ్ వెంట నంబరు వస్తుంది.

ఐ.ఎం.ఇ.ఐ.: ఫోన్‌కే ఉండే 15 అంకెల సంఖ్య. బండికి ఛాసిస్ నంబరు లాంటిది. *#06# నొక్కితే కనిపిస్తుంది. ఇప్పుడే నోటు పుస్తకంలో రాసి పెట్టుకోండి. ఫోన్ పోతే 2023లో ప్రభుత్వం ప్రారంభించిన సంచార్ సాథీ ద్వారా దానిని పనిచేయకుండా ఆపించవచ్చు. అందుకు ఈ సంఖ్య కావాలి.

ఫీచర్ ఫోన్, స్మార్ట్‌ఫోన్: మొదటిది మాట్లాడటానికి, మెసేజిలకు పనికివచ్చే బటన్ల ఫోన్. రెండవది యాప్‌లు వేసుకోగలిగిన చేతి కంప్యూటరు.

ఆపరేటింగ్ సిస్టం: ఫోన్‌ను నడిపించే మూల ప్రోగ్రాం. గూగుల్ వారి ఆండ్రాయిడ్, ఆపిల్ వారి ఐఓఎస్ ముఖ్యమైనవి. మన దగ్గర ఎక్కువగా కనిపించేది ఆండ్రాయిడ్.

ర్యామ్, స్టోరేజి: ర్యామ్ మన చదువు బల్ల లాంటిది, స్టోరేజి ట్రంకు పెట్టె లాంటిది. బల్ల పెద్దదైతే ఒకేసారి ఎక్కువ పుస్తకాలు పరచుకోవచ్చు. పెట్టె పెద్దదైతే ఎక్కువ దాచుకోవచ్చు.

పర్మిషన్: కెమెరా, మైకు, ఫోన్ నంబర్ల జాబితా, మనమున్న చోటు చూడటానికి యాప్ అడిగే అనుమతి. టార్చి లైటు యాప్‌కు మన నంబర్ల జాబితాతో ఏం పని? ఈ ప్రశ్న వేసుకున్న తర్వాతే 'అలౌ' నొక్కాలి.

3. మెసేజి, మిస్డ్‌కాల్

ప్రపంచంలో మొదటి ఎస్సెమ్మెస్ 1992 డిసెంబరు 3న ఇంగ్లండులో వెళ్లింది. ఒక మెసేజిలో ఇంగ్లీషు అక్షరాలైతే 160 పడతాయి. తెలుగులో రాస్తే 70 మాత్రమే. పైగా తెలుగులో గుణింతం, ఒత్తు విడివిడిగా లెక్కకు వస్తాయి. 'క్షీ' అనేది మనకు ఒకే అక్షరం, ఫోన్‌కు నాలుగు. 70 దాటితే రెండో మెసేజి కింద లెక్క. తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాలలో రాసి పంపేవారికి ఇది కలిసివచ్చేది. కానీ మా నాయనలాంటివారికి ఆ అక్షరాలే అడ్డం.

మిస్డ్‌కాల్ మనవాళ్లకు ఒక పొదుపు. దాన్నే కంపెనీలు ప్రకటనకు వాడుకున్నాయి. 2013లో హిందుస్తాన్ యూనిలీవర్ బీహార్ ప్రాంతంలో 'కాన్ ఖజూరా తేశన్' అనే పథకం పెట్టింది. ఒక నంబరుకు మిస్డ్‌కాల్ ఇస్తే వాళ్లే తిరిగి చేసి పాటలు, హాస్యం వినిపిస్తారు. మధ్యమధ్యలో సబ్బులు, షాంపూల ప్రకటనలు వస్తాయి. టీవీ, కరెంటు సరిగా లేని పల్లెలకు బటన్ల ఫోనే రేడియో అయింది. వినేవారు పైసా కట్టలేదు, తమ సమయం ఇచ్చారు.

4. ప్రకటన వెనుక ఎవరెవరు?

దండోరాతోనే పోల్చి చెబుతాను.

అడ్వర్టైజర్: చాటింపు వేయించుకునే ఆసామి. డబ్బు కట్టేది ఇతనే.

పబ్లిషర్: ప్రకటనకు తన తెర మీద చోటిచ్చే యాప్ లేదా వెబ్‌సైటు. ఇది డప్పు ఉన్న చోటు.

యాడ్ నెట్‌వర్క్: ఇద్దరినీ కలిపే మధ్యవర్తి. ఊరిలో చాటింపుకు పురమాయించే తలారి లాంటిది. 2006లో మొదలైన యాడ్‌మాబ్ ఇలాంటిదే. దానిని 75 కోట్ల డాలర్లకు కొంటున్నట్లు 2009లో గూగుల్ ప్రకటించింది. మన దేశంలో 2007లో ఎస్సెమ్మెస్ ద్వారా సమాచారం వెతికిపెట్టే ఎంఖోజ్‌గా మొదలైన సంస్థ తర్వాత ఇన్‌మొబీ పేరుతో బెంగుళూరు నుండి ప్రపంచమంతా వ్యాపారం చేసింది.

యూజర్: వినే వీధి జనం. అంటే మనం. ఉచిత ఆట, ఉచిత వీడియో అన్నప్పుడు డబ్బు ఎవరు కడుతున్నారు? ప్రకటనదారుడు. దేనికి కడుతున్నాడు? మన చూపుకు. మన చూపుకు ధర ఉందని మనకే ఎవరూ చెప్పరు.

5. లెక్క మాటలు

పీజీ మొదటి నెలలో మా సారు 'సీపీఎం' అన్నప్పుడు నేను పార్టీ గురించి చెబుతున్నారనుకున్నాను. అదే అడిగితే క్లాసంతా నవ్వింది. ఆ రోజు తల దించుకున్నాను గానీ ఆ లెక్క మళ్లీ మరచిపోలేదు.

ప్రొద్దుటూరులో ఒక బట్టల అంగడి వారు దసరాకు 1,000 రూపాయలు ఫోన్ ప్రకటనకు పెట్టారనుకుందాం. అంకెలు ఊహకే.

ఇంప్రెషన్: ప్రకటన ఒకసారి తెర మీద కనిపించడం.

సీపీఎం: వెయ్యి ఇంప్రెషన్లకు ధర. అది 50 రూపాయలైతే 1,000 రూపాయలకు ప్రకటన 20,000 సార్లు కనిపిస్తుంది.

క్లిక్, సీటీఆర్: ప్రకటన మీద వేలు పెట్టడం క్లిక్. నూటికి ఎంతమంది పెట్టారన్నది సీటీఆర్. 20,000కు 200 క్లిక్‌లు వస్తే సీటీఆర్ 1 శాతం.

సీపీసీ: ఒక్కో క్లిక్‌కు పడిన ధర. 1,000ని 200తో భాగిస్తే 5 రూపాయలు.

కన్వర్షన్: చూసినవారు కొనడం. ఆ 200 మందిలో 10 మంది చీరలు కొంటే కన్వర్షన్ 5 శాతం. ఒక్కో కొనుగోలుదారునికి పడిన ఖర్చు 100 రూపాయలు. దీనిని సీపీఏ అంటారు. యాప్ వేయించినందుకు ధర కడితే సీపీఐ.

ఇప్పుడు ఆలోచించండి. చూపుకు 5 పైసలు, వేలికి 5 రూపాయలు. అందుకే ఆటల మధ్యలో ప్రకటన మూసే గుర్తును గోరంత చేసి మూలన పెడతారు. పొరపాటున తగిలినా అది క్లిక్కే.

6. ప్రకటనల రూపాలు

తెర అడుగున పట్టీలా ఉండేది బ్యానర్. తెరంతా కమ్మేది ఇంటర్‌స్టిషియల్. 'చూస్తే ఆటలో నాణేలు ఇస్తాం' అనేది రివార్డెడ్. వార్తలా, మిత్రుని ఫోటోలా కలిసిపోయి కనిపించేది నేటివ్. దాని పైన 'స్పాన్సర్డ్' అన్న మాట చిన్నగా ఉంటుంది. ఆ మాట ఉంటే అది డబ్బిచ్చి వేయించినదని గుర్తు. 2016 తర్వాత డేటా చవకై, వీడియో ప్రకటనలు మన పల్లెలకు కూడా విరివిగా వచ్చాయి.

7. మనల్ని ఎలా గుర్తుపడతారు?

ప్రతి ఆండ్రాయిడ్ ఫోన్‌కు అడ్వర్టైజింగ్ ఐడీ అనే పొడవాటి గుర్తు ఉంటుంది. యాప్‌లు ఈ గుర్తు కింద మన అలవాట్లు రాసుకుంటాయి. ఏ భాష, ఏ ఊరు, ఏం వెతికాడు, రాత్రి ఎన్ని గంటలకు మేలుకున్నాడు అని. దాన్ని బట్టి ప్రకటన చూపడమే టార్గెటింగ్. ఒకసారి బూట్లు చూస్తే వారం రోజులు అవే బూట్లు వెంటపడటం రీటార్గెటింగ్. ఐ.ఎం.ఇ.ఐ.ని మనం మార్చలేం. అడ్వర్టైజింగ్ ఐడీని మాత్రం సెట్టింగ్స్‌లో ప్రైవసీ, యాడ్స్ అనే చోట తొలగించవచ్చు. ఆపిల్ ఫోన్లలో 2021 నుండి ఇలా వెంబడించడానికి యాప్ ముందుగా మన అనుమతి అడగాలి.

2023లో మన పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్ల లోపువారిని బాలలుగా చెబుతుంది. వారిని ఇలా వెంబడించకూడదని, వారికి గురిపెట్టి ప్రకటనలు చూపకూడదని అందులో ఉంది. ఈ చట్టం దశలవారీగా అమలులోకి వస్తోంది. మీలో చాలామంది ఆ వయసువారే కనుక గుర్తుంచుకోండి.

8. ఇంట్లో చెప్పవలసిన జాగ్రత్తలు

మా నాయనకు జరిగినట్లు జరగకుండా, రెండోసారి మన ఒప్పుదల తీసుకోకుండా ఇలాంటి సేవలు మొదలుపెట్టరాదని 2013లో ట్రాయ్ ఆదేశించింది. కనుక రెండోసారి అడిగినప్పుడు ఒకటి నొక్కేముందు ఆగి చదవాలి.

వ్యాపార మెసేజిలు, కాల్స్ వద్దనుకుంటే 1909కు ఫోన్ చేసి ఆపించుకోవచ్చు.

2025 నుండి మెసేజి పంపినవారి పేరు చివర ఒక ఇంగ్లీషు అక్షరం ఉంటుంది. 'పి' అంటే ప్రచారం, 'ఎస్' అంటే సేవ, 'టి' అంటే లావాదేవీ, 'జి' అంటే ప్రభుత్వం. స్కాలర్‌షిప్ వచ్చిందంటూ మామూలు పదంకెల నంబరు నుండి లింకు వస్తే నమ్మవద్దు. వార్డెన్ గారినో, సచివాలయంలోనో అడగండి.

వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్లు ఎన్నడూ వేసుకోవద్దు. నిమిషంలో అప్పు అనే ప్రకటనలకు ఫోన్ నంబర్ల జాబితా అప్పగించవద్దు. డబ్బు పెట్టి ఆడే రమ్మీని మన రాష్ట్రం 2020లో నిషేధించింది. 2025లో పార్లమెంటు చట్టం డబ్బు ఆటలను, వాటి ప్రకటనలను కూడా దేశమంతా నిషేధించింది. అయినా అలాంటి ప్రకటన కనిపిస్తే అది చట్టానికి బయటిదని తెలుసుకోండి. డబ్బు పోతే సిగ్గుపడి దాచవద్దు. వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

అభ్యాసం

1. మీ ఇంట్లోని ఫోన్ ఐ.ఎం.ఇ.ఐ. సంఖ్యను కనుక్కొని రాసుకోండి.
2. సీపీఎం 40 రూపాయలైతే 600 రూపాయలకు ఎన్ని ఇంప్రెషన్లు వస్తాయి?
3. ఆ ఇంప్రెషన్లకు 300 క్లిక్‌లు వస్తే సీటీఆర్ ఎంత? సీపీసీ ఎంత?
4. ఫోన్‌లో వచ్చిన చివరి పది మెసేజిలు చూసి, ఏది ప్రచారమో, ఏది ప్రభుత్వానిదో విడదీయండి.

(2, 3 జవాబులు: 15,000, 2 శాతం, 2 రూపాయలు.)

మా జేజినాయన జీవితమంతా ఇతరుల మాటనే చాటాడు. ఆ మాట ఎవరిదని, ఎవరికి లాభమని అడిగే వీలు ఆయనకు లేదు. మనకు ఉంది. తెలియని మాట ఎదురైతే తెలియదని చెప్పండి, అడిగి తెలుసుకోండి. ఇప్పటికీ మా నాయన ఫోన్ నా చేతికే ఇస్తాడు. ఇప్పుడు నేను చదివి, అర్థం చెప్పి, చివరకు ఆయన చేతనే 'వద్దు' నొక్కిస్తున్నాను. ఈ సెలవులకు మీరు కూడా మీ ఇంట్లో ఆ పని చేస్తారని ఆశిస్తున్నాను.

— మన హాస్టలు పూర్వ విద్యార్థి, కలమల్ల