రిగ్గై మెట్లదారిలో అగరు వాసన ఎలా తయారవుతుంది

కువైట్‌లోని రిగ్గైలో ఒక ఫ్లాటులో బఖూర్, అంటే అగరు ధూపం, వేస్తారు. ఎదురు ఫ్లాటులో కడప జిల్లావాళ్ళు పప్పులో ఇంగువ పోపు పెడతారు. రెండు వాసనలూ మెట్లదారిలో కలిసిపోతాయి. అయినా పైకెక్కే మనిషి ఒక్క పీల్పుతో ‘ఇది అగరు, అది ఇంగువ’ అనేస్తాడు. గాలిలో కలిసిపోయినవాటిని విడదీసేది అతని మెదడే.

పని నిప్పు మీద మొదలవుతుంది. అగరు చెట్టుకు గాయమై బూజు సోకితే మానులో నల్లటి బంక ఊరుతుంది. వేడి తగలగానే ఆ బంక ఎన్నో రకాల అణువులుగా ఆవిరవుతుంది. అగరు వాసన అనే పదార్థం ఒక్కటంటూ లేదు. ఇంగువదీ అంతే, అందులో గంధకం కలిసిన అణువులు పెద్దపీట వేసుకుంటాయి.

అణువులు ముక్కు పైకప్పులోని తడిపొరలో కరుగుతాయి. అక్కడి నాడీకణాల కొసల మీద వాటిని పట్టే గ్రాహకాలుంటాయి. మనిషిలో ఇవి దాదాపు 400 రకాలు, ఒక్కో కణానిది సాధారణంగా ఒకే రకం. ఈ గ్రాహకాల జన్యు కుటుంబాన్ని లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ 1991లో ఎలుకల్లో కనిపెట్టారు, 2004లో నోబెల్ అందుకున్నారు. ఒక అణువు చాలా గ్రాహకాలను తాకగలదు, ఒక గ్రాహకం చాలా అణువులను పట్టగలదు. అందుకే వాసన గుర్తు ఏ ఒక్క కణంలోనూ ఉండదు, ఏవేవి కలిసి మేలుకున్నాయన్నదాంట్లో ఉంటుంది.

మేలుకున్న కణంలో అయాన్ల ద్వారాలు తెరుచుకుని విద్యుత్ సంకేతం పుడుతుంది. అది ఎముకలోని సన్నటి రంధ్రాల గుండా మెదడులో వాసనల తొలి మజిలీ అయిన ఆల్ఫాక్టరీ బల్బ్‌కు చేరుతుంది. ఒకే రకం గ్రాహకమున్న కణాల తీగలన్నీ అక్కడ గ్లోమెరులస్ అనే చిన్న ఉండల దగ్గర కలుస్తాయి. ముగ్గులో ఏ చుక్కలు కలిపామన్నదాన్ని బట్టే రూపం వచ్చినట్టు, ఏ ఉండలు మేలుకున్నాయన్నదాన్ని బట్టి వాసన రూపం ఏర్పడుతుంది. ఆ రూపాన్ని బల్బ్ నుంచి ముందుకు మోసేవి మైట్రల్ కణాలు; చుట్టూ ఉన్న నిరోధక కణాలు వాటి హోరును అణచి ఆ రూపాన్ని సర్దుతాయి.

ఈ దారిలో నన్ను అన్నిటికంటే అబ్బురపరిచేది తర్వాతి మజిలీ, పైరిఫార్మ్ కార్టెక్స్. నిప్పు పక్కన నిలబడితే వాసన ఘాటు, కింద గేటు దగ్గర పలచన. ఘాటు పెరిగేకొద్దీ మేలుకునే గ్రాహకాలూ పెరుగుతాయి, మరి అగరు ఎప్పుడూ అగరుగానే ఎలా తోస్తుంది? డ్యూక్ విశ్వవిద్యాలయంలో బోల్డింగ్, ఫ్రాంక్స్ ఎలుకల మీద చేసిన ప్రయోగాలు 2018లో జవాబిచ్చాయి. పీల్చగానే ముందు వచ్చేవి ఆ వాసనకు బాగా సరిపోయే గ్రాహకాల సంకేతాలు. అవి పైరిఫార్మ్‌లో కొన్ని కణాలను లేపుతాయి. ఆ కణాలు తమలో తాము అల్లుకున్న తీగలతో నిరోధక కణాలను లేపి, వెనకాల వచ్చే సంకేతాలను అణచివేస్తాయి. ముందు వచ్చినవాటి మాటే చెల్లుతుంది, ఘాటు మారినా గుర్తు మారదు.

 

చూపూ వినికిడీ ముందు మెదడులో థాలమస్ అనే గడప దాటాలి. వాసనకు ఆ అవసరం లేదు. బల్బ్ నుంచి భావోద్వేగాలు చూసే అమిగ్డలాకు, జ్ఞాపకాలు చూసే హిప్పోకాంపస్ పక్కనున్న ఎంటోరైనల్ కార్టెక్స్‌కు సంకేతం సూటిగా వెళ్తుంది. పైగా బల్బ్‌లో ఉన్నట్టు పైరిఫార్మ్‌లో ఏ వాసనకూ కేటాయించిన చోటు లేదు, కణాలు చెల్లాచెదురుగా మేలుకుంటాయి. వాటికి అర్థం అనుభవమే ఇవ్వాలి. అగరు కువైటీ బిడ్డకు అమ్మమ్మ ఇల్లయితే, రాజంపేట నుంచి మొన్న దిగినవాడికి ఇంకా ఏమీ కాదు. కొన్నేళ్ళు పోతే అతనికీ అది కువైట్ అవుతుంది.

చివరి దశ మరుపు. ధూపం వేసిన ఇంట్లో కాసేపు కూర్చుంటే వాసన తెలియడం మానేస్తుంది. ముక్కు కణాల్లోకి చేరిన కాల్షియం వాటి ద్వారాలను మందగింపజేస్తుంది, పైరిఫార్మ్ కణాలు అంతకంటే త్వరగా ఆ వాసనను పట్టించుకోవడం మానేస్తాయి. ఈ మరుపు లోపం కాదు. పాత వాసన వెనక్కి తగ్గినందువల్లే, ఎదురింట్లో అప్పుడే నూనెలో పడిన ఇంగువ స్పష్టంగా తెలుస్తుంది. అగరు మళ్ళీ తెలియాలంటే కాసేపు బయట గాలి పీల్చుకుని వస్తే చాలు.