మూయబడిన తలుపు
పఠనాంశము: రోమా 11:13–24

సంఘ సంస్కరణ దినములను మనము కృతజ్ఞతతో జ్ఞాపకము చేసికొందుము. అయితే ఆ దినములలోనే సహాయము కోరివచ్చిన ఒకని యెదుట ఒక తలుపు మూయబడెను. ఆ సంగతిని కూడ మనము ఎరిగియుండవలెను.

1236లో రెండవ ఫ్రెడరిక్ చక్రవర్తి జర్మను దేశపు యూదులను తన ఖజానాకు చెందిన దాసులని ప్రకటించెను. ఆ మాటలో కాపుదలయు కలదు, దాసత్వమును కలదు. వారు పన్ను చెల్లింపవలెను, ఆయన వారిని కాపాడవలెను. అది హక్కు కాదు, వెలయిచ్చి కొనిన దయ. తరువాతి చక్రవర్తులు ఆ అధికారమును సంస్థానాధీశులకును పట్టణములకును ఇచ్చివేయుచు వచ్చిరి. కావున స్థానిక ప్రభుత్వమునకు ఇష్టము లేనిచో యూదులకు నిలువ నీడ లేకపోయెను. న్యూరెంబర్గు వారిని 1499లోను, రీగెన్స్‌బర్గు 1519లోను వెళ్లగొట్టెను.

ఇట్టి కాలములో రోస్‌హైమ్ పట్టణస్థుడైన యోసెల్ అను యూదుడు తన జనుల పక్షమున రాజసభలలో విన్నవించుచుండెను. 1536లో సాక్సనీ పాలకుడు జాన్ ఫ్రెడరిక్ తన దేశములో యూదులు నివసింపకూడదనియు, దానిగుండా ప్రయాణము సైతము చేయరాదనియు ఆజ్ఞాపించెను. మరుసటి సంవత్సరము యోసెల్, స్ట్రాస్‌బర్గు సంస్కర్తయైన కాపిటో వ్రాసియిచ్చిన సిఫారసుతో మార్టిన్ లూథరు సహాయమును అర్థించెను. 1523లో యూదులతో దయగా మెలగవలెనని వ్రాసినవాడు ఆ లూథరే గదా! అయితే తన దయను వారు దుర్వినియోగపరచిరని చెప్పి, పాలకునితో మాటలాడుటకు ఆయన నిరాకరించెను.

మౌనము అంతటితో ఆగలేదు. 1543లో ఆయన సమాజమందిరములను కాల్చవలెననియు, యూదుల గృహములను కూల్చవలెననియు వ్రాసెను. 20వ శతాబ్దములో నాజీలు ఆ వ్రాతలను వాడుకొనిరి. యోసెల్ మనవి వినిన స్ట్రాస్‌బర్గు నగరసభ మాత్రము ఆ గ్రంథమును తమ పట్టణములో అచ్చువేయరాదని నిషేధించెను. 1544లో ఐదవ చార్లెస్ చక్రవర్తి యూదుల రక్షణాధికారములను తిరిగి స్థిరపరచెను. బోధకుడు మూసిన తలుపును అధికారులు కొంతమట్టుకు తెరచిరి.

1994లో అమెరికాలోని ఇవాంజెలికల్ లూథరన్ సంఘము ఆ వ్రాతలను బహిరంగముగా త్రోసిపుచ్చెను. ఇది తండ్రిని అవమానించుట కాదు, సత్యమునకు లోబడుట. అంటుకట్టబడిన కొమ్మలు అతిశయపడరాదని పౌలు హెచ్చరించెను. విశ్వాసమునుగూర్చి లూథరు బోధించినదానిని మనము గైకొందము. అతిశయమునకు లోబడి ఆయన వ్రాసినదానిని విడిచిపెట్టుదము.

ఆలోచించుడి:
1. హక్కుగా కలిగిన కాపుదలకును, ఒకరి దయవలన కలిగిన కాపుదలకును భేదమేమి?
2. మన మాటవలన మేలు పొందగలవారు మన వాకిట నిలిచినప్పుడు మనమేమి చేయుచున్నాము?