రిజిస్ట్రేషన్ స్లాటు బుక్ చేసే ముందు ఒక్క వాక్యం

ఈ వానాకాలం మొదలైనప్పటి నుంచి వకీలుగా నా దగ్గరికి ఐదు గిఫ్ట్ డీడ్ తగాదాలు వచ్చాయి. జనగామ వైపు నుంచి మూడు, మహబూబాబాద్, భూపాలపల్లి నుంచి ఒక్కోటి. ఐదు దస్తావేజులూ బల్ల మీద వరసగా పరిచి చదివాను. ‘ప్రేమాభిమానాలతో’, ‘సర్వహక్కులతో’, ‘దాన విక్రయాలకు పూర్తి అధికారంతో’ అన్న మాటలు అన్నింట్లోనూ ఉన్నాయి. తల్లిదండ్రులకు తిండి పెట్టాలన్న మాట ఒక్కదాంట్లోనూ లేదు.

పోయిన వారం వచ్చిన పెద్దమ్మ సంగతే చూడండి. భర్త పోయాక విరాసత్‌లో మూడెకరాల పన్నెండు గుంటలు ఆమె పేరున ఎక్కాయి. చిన్నకొడుకు వచ్చి, “అమ్మా, నీకు అరవై దాటినయ్, రైతుబీమా నీకు రాదు. నా పేరు మీదికి చెయ్యి, రేపు నాకేమన్నయితే పిల్లలకు ఐదు లక్షలొస్తయ్” అన్నాడు. అందులో అబద్ధమేమీ లేదు. 2018 ఆగస్టులో మొదలైన రైతుబీమా 18 నుంచి 59 ఏళ్ళ పట్టాదారులకే. అయితే ఆ బీమాకు కొద్ది గుంటల పట్టా ఉన్నా చాలు. పది గుంటలు కొడుక్కి రాసి, మూడెకరాల రెండు గుంటలు ఆమె ఉంచుకుంటే సరిపోయేది. ఆ మాట ఆమెకు చెప్పినవాళ్ళు లేరు, ఆమె అడగనూ లేదు.

తహసీల్ ఆఫీసులో పని తొందరగానే అయిపోయింది. వేలిముద్ర వేసింది, ఫొటో దిగింది. బయటికొచ్చాక కొడుకు చాయ్ తాగించాడట. ఆ చాయ్ సంగతి నాకు రెండుసార్లు చెప్పింది. ఏడాదికి ఆరు బస్తాల బియ్యం ఇస్తానన్న కొడుకు రెండు బస్తాలకే చేతులు దులుపుకున్నాడు. ఇప్పుడామె కూతురింట్లో ఉంటోంది.

“చూసుకుంటడనే కద సారూ రాసిచ్చిన, ఊరందరికీ ఎరుకే” అంటుంది. ఊరికి ఎరుకే, దస్తావేజుకే ఎరుక లేదు.

2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టంలో సెక్షన్ 23 ఇలాంటివాళ్ళ కోసం పెట్టిందే. అరవై దాటినవారు తమ కనీస అవసరాలు చూడాలన్న షరతుతో ఆస్తి రాసిచ్చి, తీసుకున్నవాళ్ళు మాట తప్పితే, ఆ బదలాయింపును మోసంతోనో ఒత్తిడితోనో జరిగినట్టు లెక్కగట్టి రద్దు చేయవచ్చు. ఇందులో ‘షరతుతో’ అన్న మాటను గట్టిగా పట్టుకోండి. 2022 డిసెంబరు 6న సుప్రీంకోర్టు ఒక తీర్పులో ఆ షరతు ఉందని చూపించాల్సిందేనని చెప్పింది. ప్రేమతో ఇచ్చారు కాబట్టి పోషణ షరతు దానంతటదే ఉన్నట్టు కాదంది.

2025 జనవరి 2న అదే కోర్టు కాస్త మెత్తబడింది. మధ్యప్రదేశ్‌లోని ఛతర్‌పూర్‌లో ఒక తల్లి కొడుక్కి గిఫ్ట్ డీడ్ చేసింది. ఆమెను కడదాకా చూసుకుంటానని, చూడకపోతే ఆమె డీడ్ వెనక్కి తీసుకోవచ్చని కొడుకు విడిగా ఒక వచన పత్రం రాశాడని ఆమె చూపించింది. కోర్టు రెండు కాగితాలనూ కలిపి చదివి డీడ్ రద్దు చేసింది, ఫిబ్రవరి 28లోగా ఆస్తి ఆమెకు అప్పగించమంది. ఆమెకు కాగితం ఉంది. మా పెద్దమ్మకు చాయ్ జ్ఞాపకం ఉంది.

పెద్దమ్మ ఈ చట్టం కింద పెట్టుకున్న దరఖాస్తు తీసుకోవడానికే ఒక కార్యాలయంలో రెండుసార్లు తిప్పారు. “సివిల్ కోర్టుకు పోండ్రి” అన్నాడు గుమాస్తా. ఈ చట్టం కిందికొచ్చే విషయాల్లో సివిల్ కోర్టుకు అధికారం లేదని సెక్షన్ 27 చెబుతుంటే ఆ మాట ఎలా వస్తుందో నాకర్థం కాదు. ట్రైబ్యునల్ ఆర్డీవో దగ్గరే: జనగామ, స్టేషన్ ఘన్‌పూర్, మహబూబాబాద్, తొర్రూరు, భూపాలపల్లి. సెక్షన్ 17 వకీళ్ళను దూరం పెట్టింది కాబట్టి నా పని దరఖాస్తు రాసిపెట్టడం వరకే. అందులో రెండు కోరికలు రాశాను: డీడ్ రద్దు, నెలవారీ పోషణ. డీడ్ సంగతి కష్టమని ఆమెకు ముందే చెప్పాను. పోషణకు మాత్రం షరతు అక్కర్లేదు, ఆస్తి ఇవ్వకపోయినా కన్నపిల్లల మీద ఆ బాధ్యత ఉంది. 2007 చట్టం ప్రకారం దాని పరిమితి నెలకు పదివేలు.

మహబూబాబాద్ ఏజెన్సీవాళ్ళకు ఇంకో చిక్కు. కొత్తగూడ, గంగారం లాంటి చోట్ల 1959 నాటి భూబదలాయింపు నిబంధన ఉంది. 1970 సవరణ తర్వాత గిరిజనేతరులకు చేసే గిఫ్ట్ అసలు చెల్లదు, ఇచ్చేది గిరిజనేతర తండ్రి అయినా సరే. ‘బదలాయింపు’ నిర్వచనంలోంచి వీలునామాను మినహాయించారు. ఆ తేడా తెలియకుండా డీడ్ చేయించుకుని, అప్పుపుట్టక వచ్చేవాళ్ళను చూస్తున్నాను.

ఎవరడిగినా నేను ముందు చెప్పేది వీలునామానే. స్టాంపు పేపరు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు (చేయిస్తే మంచిది), ఇద్దరు సాక్షులు మాత్రం ఉండాలి. వాటా వచ్చేవాళ్ళను సాక్షులుగా పెట్టకండి. బతికున్నంతకాలం భూమి మీదే, మనసు మారితే మళ్ళీ రాసుకోవచ్చు. నా దగ్గరికొచ్చిన ఐదుగురిలో భూపాలపల్లి నుంచి వచ్చిన సింగరేణి రిటైర్డ్ పెద్దాయన కూడా గిఫ్ట్ బదులు ఇదే చేసి ఉంటే, సొంత డబ్బుతో కట్టుకున్న ఇంటి వరండాలో పడుకునేవాడు కాదు. పైగా వీలునామా ఎందుకు, బ్యాంకులో నామినీ పెట్టాను కదా అంటాడు! నామినీ డబ్బు అందుకునే మనిషే, వారసుడు కాడు.

గిఫ్టే చేయాలంటారా? అయితే దస్తావేజులో ఈ వాక్యం రాయించండి: “నా జీవితాంతం నా తిండి, బట్ట, నివాసం, వైద్యం గ్రహీత చూడవలెను; ఈ షరతుకు లోబడియే ఈ దానము; తప్పిన యెడల దీనిని రద్దు చేయించుకొను హక్కు నాకు కలదు.” స్లాటు బుక్ చేసే మీసేవ కుర్రాడు దస్తావేజు ఫారంలో చోటు లేదంటే, అవే మాటలతో అదే రోజు కొడుకు చేత విడిగా ఒప్పంద పత్రం రాయించి, ఇద్దరు సాక్షుల సంతకాలు పెట్టించి, అసలు కాగితం మీ దగ్గరే ఉంచుకోండి. వేలిముద్ర పెట్టే ముందు మొత్తం ఎవరిచేతనైనా బిగ్గరగా చదివించుకోండి. కొడుకు సంతకం పెట్టనంటే ఆ రోజు స్లాటు వదిలేసి ఇంటికి రండి. స్లాటు మళ్ళీ బుక్ చేసుకోవచ్చు.