గొంతు నీదే, పుస్తకం ఎవరిది?

విశాఖపట్నం

చిరంజీవి అమ్మలుకి పెదనాన్న ఆశీస్సులు.

పుస్తకాలు చదివి, రికార్డు చేసి యూట్యూబ్‌లో పెడతానని, మన విశాఖ వైపు రచయితలతోనే మొదలుపెడతానని రాశావు. చాలా సంతోషం. మన మాట యాస తెలిసిన గొంతులో ఆ పుస్తకాలు వినాలని నాకెప్పట్నించో కోరిక. అయితే మైకు ముందు కూర్చోకముందే ఒక సంగతి చూసుకోవాలి: రచయిత ఏ ఏడు పోయారు?

1957 నాటి మన కాపీరైట్ చట్టం ప్రకారం హక్కు రచయిత బ్రతికినన్నాళ్లూ ఉంటుంది. పోయాక, మరుసటి జనవరి నుంచి మరో 60 ఏళ్లు ఉంటుంది. అంతకాలం ఎక్కువేనని నా అభిప్రాయం. మళ్లీ అచ్చుకాని మంచి పుస్తకాలు ఆ గడువులోనే కనుమరుగైపోతున్నాయి. అయినా చట్టం చట్టమే.

గురజాడ వారు 1915లో పోయారు కనుక కన్యాశుల్కం అందరిదీ. 1897 కూర్పు వేరు, 1909 కూర్పు వేరు. ఏది చదువుతున్నావో మొదటే చెప్పు. కొత్త ముద్రణల్లోని పీఠికలు, వివరణలు మాత్రం చదవకు, అవి రాసినవాళ్ల హక్కు వాళ్లకుంటుంది. పాత రేడియో నాటకంలోంచి ముక్కలు తీసి అతికించకు. పుస్తకం పాతదైనా రికార్డింగుకు విడిగా హక్కు ఉంటుంది. రేపు నీ రికార్డింగుకైనా అంతే.

శ్రీశ్రీ 1983లో పోయారు. ఆయన రచనల మీద హక్కు 2043 చివరిదాకా ఉంది. ఈ ఊళ్లోనే వకీలుగా బ్రతికిన రావిశాస్త్రి గారు 1993లో పోయారు. అంటే ఆయన నవల అల్పజీవికి 2053 చివరిదాకా ఆగాలి, లేదా అనుమతి తీసుకోవాలి. ఉచితంగానే పెడుతున్నాను కదా అంటే చెల్లదు. హక్కు ఎవరి దగ్గరుందో కనుక్కో. అచ్చు హక్కు పబ్లిషరుకిచ్చినా, ఆడియో హక్కు వారసుల దగ్గరే ఉండిపోయి ఉండొచ్చు. అనుమతి కాగితం మీద, సంతకంతో తీసుకో. అందులో గడువు రాయకపోతే అయిదేళ్లేనని, ప్రాంతం రాయకపోతే మన దేశం వరకేనని చట్టం లెక్క వేస్తుంది. అమెరికాలో మనవాళ్లూ వినాలంటే ఆ రెండూ రాయించాల్సిందే.

ఇక నీ క్లాసులో చూపులేని అమ్మాయి ఉందన్నావు. ఆమె కోసమైతే ఇవేవీ అడ్డురావు. 2012 సవరణతో, మామూలు పుస్తకం చదువుకోలేని వికలాంగులకు అందేలా ఏ రచననైనా మార్చి ఇవ్వడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. లాభం తీసుకోకూడదు, ఖర్చు వరకే తీసుకోవచ్చు. రికార్డింగు బయటి వ్యాపారంలోకి పోకుండా చూసుకోవాలి, అంతే. ఇదే పనికి దేశాల మధ్య దారి వేసిన మర్రకేష్ ఒప్పందాన్ని 2014లో అన్ని దేశాలకన్నా ముందు ఆమోదించింది మన దేశమే. నాకు చాలా గర్వంగా ఉండే విషయమిది. చూపులేని పిల్లలకు పాఠాలు చదివిపెట్టేవాళ్లు ఎలాగో దొరుకుతారు కానీ, కథలూ నవలలూ చదివిపెట్టేదెవరు?

అందుకని అల్పజీవి ఆమె కోసం ఈ వారమే మొదలుపెట్టు. ఫైలు ఆమెకే ఇవ్వు, యూట్యూబ్‌లో పెట్టకు. అందరి కోసం కన్యాశుల్కం చదువు. గిరీశం ఇంగ్లీషు దగ్గర తడబడకుండా ముందు రెండుసార్లు పైకి చదువుకో.

మీ పెదనాన్న