పక్షి ఎవరిది?



బాణం దెబ్బ తిన్న పక్షి కోసం సిద్ధార్థుడు, దేవదత్తుడు వాదించుకున్న కథ మన పిల్లలకూ తెలుసు. బాబాసాహెబ్ దాన్ని 'బుద్ధుడు - ఆయన ధమ్మం'లో చేర్చారు. వేట కొట్టినవాడిదే అన్నాడు దేవదత్తుడు. కాపాడినవాడికే హక్కు అన్నాడు సిద్ధార్థుడు. తీర్పు సిద్ధార్థుడి వైపే వచ్చింది. మనం కథ అక్కడితో ఆపేస్తాం. మరి గెలిచిన ఆ హక్కుతో ఏం చేయాలి? పక్షిని పంజరంలో పెట్టుకుంటే దేవదత్తుడికీ మనకూ తేడా ఎంత?

చలికాలంలో గోదావరి సముద్రంలో కలిసే బురద నేలల మీద ఉల్లంకి పిట్టలు వాలతాయి. ఆ జాతిలో ఒకటి పిచ్చుకంతే ఉంటుంది, ముక్కు చివర గరిటెలా వెడల్పు. లోకం మొత్తం మీద కొన్ని వందలే మిగిలాయి. రష్యా తూర్పు కొసన చుకోట్కాలో గుడ్లు పెట్టి, చలికాలానికి బర్మా, బంగ్లాదేశ్, థాయ్‌లాండ్ తీరాలకు వస్తుంది. 2012 నుంచి చుకోట్కాలో కొందరు దీని గుడ్లు తెచ్చి, పొదిగే పెట్టెల్లో పిల్లలు చేయిస్తున్నారు. నక్కలు రాకుండా వల కట్టి కాపలా కాస్తారు. గుడ్లు తీయడం దొంగతనం కాదా అంటారేమో. ముందుగా తీస్తే కొన్ని జంటలు మళ్ళీ పెడతాయి. పిల్లలకు ఎగరడం రాగానే కాలికి గుర్తు కట్టి వదిలేస్తారు. అప్పటికి పెద్ద పక్షులు వెళ్ళిపోతుంటాయి. దారి చూపేవాళ్ళు లేకుండానే అవి వేల కిలోమీటర్లు ఎగురుతాయి. పెంచినవాళ్ళ హక్కు అక్కడితో సరి.

పెంచితే చాలలేదు. బర్మాలోని మార్తబాన్ తీరంలో పేదలు పెద్ద పిట్టల కోసం వలలు వేసేవారు, ఇవీ వాటిలో పడేవి. అది బౌద్ధ దేశమే. వాళ్ళకు శీలం తెలియక కాదు, పొయ్యి వెలగక. చంపాలన్న కోరిక వేరు, చంపక తప్పని అవసరం వేరు అని బాబాసాహెబ్ విడదీసి చెప్పింది ఇందుకే. వాళ్ళను తిట్టకుండా వేరే బతుకుదెరువు చూపించారు, చాలామంది వేట మానేశారు. పిట్ట మీద కరుణ, వేటగాడి మీద కోపం కలిసి ఉంటే అది మైత్రి కాదు.

ఇక మన బండారులంక సంగతి. తీతువు పిట్ట కూడా ఈ తీరపు పిట్టల చుట్టమే. అది కూస్తే చావు కబురని ఇప్పటికీ రాయి విసిరేవాళ్ళున్నారు, బుద్ధ వందన చేసే ఇళ్ళలో కూడా. ఎదురొస్తే అపశకునమని మన తాతల్ని అన్న నోళ్ళే ఈ పిట్టనూ అన్నాయి. ఆ మాట మనం మోయడమెందుకు? అది రాత్రి అరిచేది గుడ్ల దగ్గరికి కుక్కో మనిషో వచ్చినందుకు.

దాని గూడు చెట్టు మీద ఉండదు. మట్టిలో చిన్న గుంట, మట్టిరంగు గుడ్లు. పిల్ల పుట్టిన రోజే నడుస్తుంది, తన తిండి తనే ఏరుకుంటుంది. తల్లి వెచ్చదనం, కాపలా ఇస్తుంది. కాబట్టి మీ పిల్లలకు గట్టు మీద ఒంటరి కూన కనబడితే ఇంటికి తేనివ్వకండి. దూరంగా జరగండి, తల్లి వస్తుంది. నిజంగా దెబ్బ తగిలి ఉంటే గాలి ఆడే అట్టపెట్టెలో నీడన ఉంచి అటవీ శాఖకు కబురు చేయండి. నోట్లో పాలు పోయకండి, అన్నం మెతుకులు కుక్కకండి.