చెదరిన గడులనుండి పటమును గీయుట



మన రెంటచింతల వేసవి యెండలకు పేరుపడిన యూరు. మే నెలలో వార్తాపత్రికలు మన యూరి యుష్ణోగ్రతను తఱచు ప్రకటించుచుండును. కావున వాతావరణ పట్టికనే యీ పాఠమునకు ఉదాహరణముగా గైకొందము.

ఎక్సెల్ పట్టికలో ‘ఏ’ అను నిలువు వరుసయందు పండ్రెండు నెలల పేర్లను, ‘బీ’యందు కనిష్ఠోష్ణోగ్రతను, ‘సీ’యందు గరిష్ఠోష్ణోగ్రతను, ‘డీ’యందు వర్షపాతమును వ్రాసితిమనుకొనుడు. మొదటి అడ్డువరుస శీర్షికలది. మనకు నెలలును గరిష్ఠోష్ణోగ్రతయు మాత్రమే కావలెను. ఆ రెండు వరుసలును ప్రక్కప్రక్కన లేవు. అట్టియెడ మొదట ఏ1 మొదలు ఏ13 వఱకు మౌసుతో గుర్తింపవలెను. పిమ్మట కంట్రోలు మీటను నొక్కిపట్టి, సీ1 మొదలు సీ13 వఱకు గుర్తింపవలెను. తరువాత మీటను విడిచి, ‘ఇన్సర్టు’ అను భాగమునందు తగిన పటమును ఎన్నుకొనవలెను. రెండు వరుసలలోను గడుల సంఖ్య సమానముగా నుండవలెను. లేనిచో పేర్లకును అంకెలకును పొత్తు చెడును.

గడులు మఱింత చెదరియున్నచో, వేఱొకచోట చిన్న పట్టికను కట్టుకొనుట మేలు. అచ్చటి గడిలో సమాన చిహ్నమును వ్రాసి, మూలపు గడిని నొక్కి, ఎంటరు మీటను నొక్కుడు. మూలమందలి అంకె మారినప్పుడు చిన్న పట్టికయు, దాని పటమును తామే మారును.

ఇక ముఖ్యమైన సంగతి. ఒక విద్యార్థి జనవరి, మే, డిసెంబరు నెలలను మాత్రమే ఎన్నుకొని, గీతపటమును గీసి నాకు చూపెను. నాలుగు నెలల యెడమును, ఏడు నెలల యెడమును అందు ఒకే నిడివిగా కనబడెను. మే మొదలు డిసెంబరు వఱకు ఎండ ఒక్క తీరున తగ్గినట్లు తోచెను. నడుమ వచ్చిన వానకాలము జాడయే లేదు. అంకెలన్నియు నిజమే, పటము మాత్రము నిజము పలుకలేదు. ఇంటివద్ద తల్లిదండ్రులు అంకెలను చూడరు, పటమునే చూచి నమ్ముదురు.

1786లో స్కాట్లండు దేశీయుడైన విలియం ప్లేఫేరు తన గ్రంథమునందు స్వదేశపు వర్తకమును చూపబోగా, ఒక్క యేటి లెక్కలే దొరకెను. ఏండ్ల వెంబడి గీత గీయ వీలులేక, ఆయన దేశమునకు రెండు కడ్డీల చొప్పున గీసెను. మనమును వరుస తెగిన అంకెలకు కడ్డీపటమునే వాడి, విడిచిన నెలలేవో పటము క్రింద వ్రాయవలెను.

అభ్యాసము: పై పట్టికనుండి నెలలును వర్షపాతమును మాత్రమే తీసికొని, కడ్డీపటమును గీయుడు.