అతిరేకం: పెరట్లో మిగిలిపోయిన ఇంజన్



ఈ పాఠం ఒక పాత ఇంజన్ గురించి. మీ ఇంట్లో ఒక అంబాసిడర్ కారు ఉందనుకోండి. నాన్నగారు కొన్నది, 1972 నాటి మార్క్ 2. మొదట్లో పెట్రోలు బండి. తర్వాత పెట్రోలు ఖర్చు తట్టుకోలేక, ఎంతోమంది చేయించినట్టే ఆయన కూడా దానికి డీజిల్ ఇంజన్ ఎక్కించారు. తీసేసిన పెట్రోలు ఇంజన్‌ను మాత్రం పారేయలేదు. "ఎప్పుడైనా పనికొస్తుందిలే" అని పెరట్లో రేకుల కింద, రెండు దుంగల మీద పెట్టి, గోనెపట్టా కప్పారు. ఇప్పుడు నాన్నగారు లేరు. ఇంజన్ అక్కడే ఉంది. పిల్ల కాలేజీ ఫీజు కట్టాలి, లేదా ఆ చోట ఒక గది వేసుకోవాలి. ఉంచుదామా, అమ్మేద్దామా? తమ్ముడేమో "ఇనుము ధర బాగుంది, ఇచ్చేద్దాం" అంటాడు. అమ్మ ఏమీ అనదు. కానీ పాత ఇనుము బండివాడి కేక వీధిలో వినబడితే గుమ్మం దాకా వచ్చి నిలబడుతుంది.

మీ ఇంట్లో ఇంజన్ లేకపోవచ్చు. తాతగారి కుట్టుమిషనో, వాడని బోరు మోటారో ఉండొచ్చు. అయినా ఇంజన్ దగ్గరే ఉందాం. వస్తువు సంగతి తెలుసుకోకుండా దాని మీది మమకారం గురించి మాట్లాడితే అది ఊకదంపుడే అవుతుంది.

కొంతమంది ఉపాసకులు ఇలాంటి చోట వెంటనే ఒక మాట అనేస్తారు: "మనం బౌద్ధులం కదా, తృష్ణ వదులుకోవాలి, తీసి పారెయ్." వినడానికి బాగానే ఉంటుంది. కానీ ధమ్మం గృహస్థులకు అలా చెప్పలేదు. సిగాలోవాద సుత్తంలో, సంపాదించినదాన్ని నాలుగు భాగాలు చేసుకోమని సిగాలుడికి బుద్ధుడు చెబుతాడు. ఒక భాగం అనుభవించడానికి, రెండు భాగాలు వృత్తి వ్యాపారాలకు, నాలుగోది ఆపద వస్తే ఆదుకోవడానికి దాచుకోమని. అంటే దాచుకోవడం తనంతట తాను తప్పేమీ కాదు. నాన్నగారు ఆ ఇంజన్ దాచింది కూడా అలాంటి ముందుచూపుతోనే కావచ్చు.

అయితే దాచుకున్నదానికి హద్దు ఏమిటి? ఇక్కడ భిక్ఖువుల వినయంలోని ఒక నియమం మనకు బాగా పనికొస్తుంది. అది గృహస్థులకు వర్తించే నియమం కాదు, ఆ సంగతి మరవొద్దు. దాని వెనకున్న ఆలోచన మాత్రం అందరిదీ. అవసరానికి మించి ఉన్న చీవరాన్ని పాళీలో అతిరేక చీవరం అంటారు. మొదట అలాంటిది ఉంచుకోకూడదనే నియమం పెట్టారు. తర్వాత ఆనందుడికి ఒక చీవరం అదనంగా దొరికింది. దాన్ని సారిపుత్తుడికి ఇవ్వాలని ఆయన కోరిక. సారిపుత్తుడు అప్పుడు సాకేతంలో ఉన్నాడు. ఆనందుడు వెళ్ళి విషయం చెప్పాడు. బుద్ధుడు ఆయన్ని తిట్టలేదు, మెచ్చుకోలేదు. సారిపుత్తుడు ఎన్నాళ్ళకు వస్తాడని అడిగాడు. తొమ్మిదో పదో రోజులకు వస్తాడని ఆనందుడు చెప్పాడు. దాంతో అతిరేక చీవరం పది రోజుల వరకు ఉంచుకోవచ్చని నియమం మారింది. భిక్షాపాత్ర విషయంలోనూ ఇదే కథ, ఇదే గడువు.

ఆ ఒక్క ప్రశ్నలో ఎంత ఉందో చూడండి. ఆనందుడి దగ్గర అదనపు చీవరానికి ఒక మనిషి ఉన్నాడు, ఒక తేదీ ఉంది. అందుకే దానికి చోటు దొరికింది. మన పెరట్లోని ఇంజన్‌కు ఆ రెండూ ఉన్నాయా? "ఎప్పుడైనా" అనేది తేదీ కాదు. "ఎవరికో ఒకరికి" అనేది మనిషి కాదు. ఆ రెండు మాటల మీదే ఇంజన్ ఇన్నేళ్ళు కూర్చుని ఉంది.

సరే, నిజంగా దాని అవసరం ఎవరికి ఉంటుంది? కొంచెం లెక్క చూద్దాం. అంబాసిడర్‌కు మూలం బ్రిటిష్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్. మార్క్ 2లోది నాలుగు సిలిండర్ల 1489 సి.సి. పెట్రోలు ఇంజన్. 1980 ప్రాంతంలో అంబాసిడర్‌కు డీజిల్ ఇంజన్ వచ్చాక, టాక్సీవాళ్ళూ మామూలు కుటుంబాలవాళ్ళూ అటు తిరిగారు. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో 2014లో కారు తయారీయే ఆగిపోయింది. కాబట్టి పాత బండిని మళ్ళీ పుట్టినప్పటి రూపానికి తేవాలనుకునేవాళ్ళకు ఇలాంటి ఇంజన్ కావాలి.

ఆ అనుకునేది మీరే కావచ్చు. 2021లో కేంద్రం వింటేజ్ వాహనాలకు వేరే నియమాలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్ళు దాటిన బండి, ఛాసిస్, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉంటే దాన్ని వింటేజ్‌గా నమోదు చేయించుకోవచ్చు. మీ 1972 బండి వయసు సరిపోతుంది. కానీ లోపల ఉన్నది డీజిల్ ఇంజన్. అంటే ఆ దారిలో వెళ్ళాలంటే పెరట్లోని పాత ఇంజన్ మీకు అతిరేకం కాదు, అదే అసలుది. అయితే ఒకటి గుర్తుంచుకోండి: వింటేజ్‌గా నమోదైన బండిని రోజూ తిప్పడానికి వీల్లేదు, ప్రదర్శనలకూ ర్యాలీలకూ, పెట్రోలు పోయించుకోవడానికీ, మరమ్మతుకూ మాత్రమే బయటికి తీయాలి. ఇంజన్ మళ్ళీ మార్చాలంటే ఆర్టీవో ఆఫీసులో ఆర్సీ మీద నమోదు చేయించాలి. హెడ్డు విప్పి, బోరు పని చేయించి, రింగులు, బేరింగులు వేయించడానికి డబ్బు కావాలి. ఇదంతా చేసే ఓపిక, డబ్బు, ఈ ఏడాదిలోనో వచ్చే ఏడాదిలోనో మీకు ఉన్నాయా? ఉంటే ఉంచండి, నిశ్చింతగా ఉంచండి. లేకపోతే, ఉన్నాయని నటించకండి. కారు ముందు నటించినా ఫరవాలేదు గానీ, ఫీజు కట్టాల్సిన పిల్ల ముందు నటించడం కష్టం.

"ఇక దొరకవు కదా, ఉంచితే ధర పెరుగుతూనే ఉంటుంది" అని ఒకాయన తప్పకుండా చెబుతాడు. గాజు బీరువాలో పెట్టిన నాణేలకైతే ఆ మాట నిజం కావచ్చు. రేకుల కింద ఉన్న ఇంజన్ ప్రతి వానాకాలం కొంచెం కొంచెం తగ్గుతుంది. సిలిండర్ గోడకు చెమ్మ పట్టి, పిస్టన్ రింగులు అక్కడే అతుక్కుపోతాయి. అనిచ్చ గురించి వేరే ఉపన్యాసం అక్కర్లేదు. గోనెపట్టా ఎత్తి చూస్తే చాలు.

ఇప్పుడు అనణ సుత్తం దగ్గరికి వద్దాం. అంగుత్తర నికాయంలోది, అనాథపిండికుడికి చెప్పింది. గృహస్థుడికి నాలుగు సుఖాలు ఉంటాయని అందులో ఉంది: ధర్మంగా సంపాదించింది తన దగ్గర ఉందన్న సుఖం, దాన్ని అనుభవించే సుఖం, అప్పు లేని సుఖం, ఎవరూ వేలెత్తి చూపలేని నడవడి వల్ల కలిగే సుఖం. వీటిలో చివరిదే అన్నిటికన్నా గొప్పదని కూడా అందులోనే ఉంది. పెరట్లోని ఇంజన్ మీకు మొదటి సుఖం ఒక్కటే ఇస్తోంది, అది కూడా గోనెపట్టా ఎత్తనంత వరకే. రెండోది ఇవ్వడం లేదు. నెలనెలా వడ్డీ కడుతూ ఉంటే, అది మూడో సుఖానికి అడ్డం పడుతోంది కూడా. ఇంతవరకు లెక్క సులువే. కష్టమంతా నాలుగోదానితో.

ఎందుకంటే ముందు తేలాల్సింది ఆ ఇంజన్ ఎవరిదన్నది. నాన్నగారిది. అంటే ఇప్పుడు అమ్మది, మీది, తమ్ముడిది, పెళ్ళయి వెళ్ళిన అక్కచెల్లెళ్ళది కూడా. అమ్మ నిద్రపోయే వేళ చూసి బండివాణ్ణి పిలిచి తూకానికి వేయించడం అదిన్నాదానమే, ఇవ్వనిది తీసుకోవడమే. వచ్చిన డబ్బు ఇంటి ఖర్చుకే వాడినా సరే. ఫోన్ చేసి అందరినీ అడగండి. వినయంలో పది రోజులు దాటాక కూడా ఉంచుకోవాలంటే వికప్పన అని ఒక పద్ధతి ఉంది, ఇంకో భిక్ఖువును కూడా దాని యాజమాన్యంలో కలుపుకోవడం. వస్తువు నా ఒక్కడిదే అన్న పట్టు అక్కడే కొంత సడలుతుంది. మన ఇళ్ళలో ఆ పట్టు "నేనే పెద్దవాణ్ణి" అనే మాటలో ఉంటుంది.

అమ్మ గుమ్మంలో ఎందుకు నిలబడుతుందో మీకు తెలుసు. ఆ ఇంజన్ మీద నాన్నగారి చేతులు ఆడాయి. మిలింద రాజు నాగసేనుణ్ణి ప్రశ్నించినప్పుడు, నాగసేనుడు రథం చూపించి ఇరుసు రథమా, చక్రాలు రథమా అని ఒక్కొక్కటే అడిగిన సంగతి మీరు చదివే ఉంటారు. అదే పద్ధతిలో కార్బొరేటర్ నాన్నా, క్రాంకు నాన్నా అని అడగొచ్చు. మీ మనసులో మీరు అడుక్కోండి. అమ్మను మాత్రం అలా అడగకండి, అది ధమ్మం కాదు, తెలివి చూపించడం. మన నాగార్జునకొండనే తలుచుకోండి. నాగార్జునసాగర్ కడుతున్నప్పుడు ఆ లోయ మొత్తం మునిగిపోతుందని తెలిసి, 1954 నుంచి 1960 వరకు తవ్వారు, కొలిచారు, ఫొటోలు తీశారు. కొన్ని కట్టడాలను కొండ మీదికీ అనుపుకూ చేర్చి మళ్ళీ నిలబెట్టారు. మిగతావాటి మీదికి నీళ్ళు వచ్చాయి. అమ్మకూ అలా కొంత మిగల్చొచ్చు. ఇంజన్ పక్కన ఆమెను కూర్చోబెట్టి ఒక ఫొటో తీయండి, నంబరు రాసి పెట్టుకోండి. ఆవిడ అడిగితే పైనున్న వాల్వ్ కవరు విప్పి ఇంట్లో పెట్టుకోండి. ఆ కవరు తీసేశామని కొనేవాడికి చెప్పాలి, అంతే.

అమ్మాలని తేలితే, అమ్మే తీరులో కూడా శీలం ఉంది. ముందు ఇంజన్ తిరుగుతుందో లేదో చూడండి. స్పార్క్ ప్లగ్గులు విప్పి, నాలుగు సిలిండర్లలో కొంచెం కొంచెం ఇంజన్ ఆయిల్ పోసి, ఒకట్రెండు రోజులు వదిలేసి, క్రాంకు పుల్లీ నట్టుకు స్పానర్ వేసి చేత్తో మెల్లగా తిప్పండి. తిరిగితే తిరిగిందని చెప్పండి. పట్టేసి ఉంటే పట్టేసిందని చెప్పండి. "మొన్నటిదాకా నడిచింది" అని ఒక్క మాట కలిపితే ధర పెరుగుతుంది, నాలుగో సుఖం పోతుంది. పాత ఆర్సీ నకలు ఉంటే చూపించండి. ఇంజన్ నంబరు, తేదీ, ఇద్దరి పేర్లు రాసి సంతకాలు చేసుకోండి. ఇంజన్ చూడకుండా నంబరు మీదే ఆసక్తి చూపించి, ఎక్కువ డబ్బు ఇస్తాననేవాడు వస్తే, ఆ నంబరును ఏ బండికి తగిలిస్తాడో ఆలోచించుకుని వద్దనండి.

ధర విషయంలో నా అభిప్రాయం ఒకటుంది. పాత బండి బాగుచేసుకునేవాడికి ఇంజన్ మొత్తంగా ఇవ్వడం అన్నిటికన్నా మంచిది, రెండు వేలు తగ్గినా సరే. దొరక్కపోతే మెకానిక్ షెడ్డుకు ఇవ్వండి. స్టార్టరు, డైనమో, డిస్ట్రిబ్యూటర్ ఒక్కొక్కటి ఒక్కో బండిలోకి వెళ్తాయి. అదీ కాకపోతే తూకానికే వేయండి, అందులో అవమానం ఏమీ లేదు. ఉదేన రాజు ఆనందుణ్ణి ఇన్ని చీవరాలు ఏం చేసుకుంటారని అడిగితే, పాతబడ్డవి పరుపు మీది దుప్పట్లవుతాయని, అవి కూడా పాతబడితే కాళ్ళు తుడుచుకునే గుడ్డలవుతాయని, చివరికి వాటిని నరికి మట్టిలో కలిపి నేల అలుకుతామని ఆయన వరసగా చెప్పాడు. కరిగిన ఇనుము కూడా మళ్ళీ ఏదో ఒకటి అవుతుంది.

ఉంచాలని తేలితే పని ఎక్కువ. ఇంకో రెండు దుంగలు వేసి నేలకు బాగా ఎత్తులో పెట్టాలి. సిలిండర్లలో ఆయిల్ పోసి ప్లగ్గులు బిగించాలి. కార్బొరేటర్, సైలెన్సర్ బిగించే రంధ్రాలను గుడ్డతో మూసి కట్టాలి. గోనెపట్టా తీసెయ్యాలి, అది తడిని పట్టి ఉంచుతుంది. రెండు నెలలకొకసారి క్రాంకు తిప్పాలి. ఈ పని ఎవరు చేస్తారో పేరు చెప్పలేకపోతే, మీరు ఉంచుతున్నది ఇంజన్ కాదు, దాని తుప్పు.

ఈ రాత్రి అన్నాల తర్వాత అందరూ కూర్చోండి. ఇంజన్ ఎవరి కోసం, ఏ తేదీ దాకా అన్నది ఒక కాగితం మీద రాయండి. రాయడానికి పేరూ తేదీ దొరక్కపోతే పది రోజులు గడువు పెట్టుకోండి, ఈలోపు అక్కచెల్లెళ్ళకు ఫోన్లు చేయండి, అమ్మను మళ్ళీ ఒకసారి అడగండి. పదకొండో రోజు పొద్దున మెకానిక్‌ను పిలిచి ట్రాలీ మాట్లాడమనండి. ఇద్దరితో లేచే బరువు కాదు, గొలుసు కప్పీ తెమ్మనండి. ఎత్తకముందే కింద సంపులో మిగిలిన పాత ఆయిల్‌ను డబ్బాలోకి దింపుకోండి, పెరటి మట్టిలో పోయొద్దు.